విమానానికి పట్టుగల కనెక్టర్లు

పళ్ల డాక్టరుగారికి ఒకటే జబ్బు. కరెంటు తీగ కంటబడితే పట్టుకుని లాగి చూడాలి. ఊడితే నమ్మరు. ఊడకపోతే అనుమానమొచ్చి మళ్లీ లాగుతారు. పన్నయితే నొప్పెక్కడో అడిగి మరీ పీకుతారు కానీ, తీగ విషయంలో ఆ మర్యాద లేదు. చుట్టాలింటికి వెళితే, కాఫీ వచ్చేలోపు ఆ ఇంటి టీవీ ఆగిపోయేది.

అలాంటి మనిషి కారు షెడ్డులో రెండు సీట్ల విమానం కట్టుకున్నారు. రెక్కలొచ్చాయి, ఇంజనొచ్చింది. తీగకు తీగ కలిపే కనెక్టర్ల దగ్గర బండి ఆగింది. వాటికోసం ఊరంతా తిప్పే పని బావమరిది నెత్తిన పడింది. అతను ఇన్సూరెన్సు ఏజెంటు. ఎంత ఆశపోతయినా బావగారికి మాత్రం పాలసీ అమ్మే సాహసం చేయలేదు.

కార్ల సామాను కొట్టులో డాక్టరుగారు కనెక్టరు రెండు కొసలూ పట్టుకుని లాగారు. టప్పున ఊడింది. కార్లన్నిటికీ ఇవే వాడతారని కొట్టాయన నొచ్చుకున్నాడు.

"కారు ఆగితే దిగి తోస్తాం. పైన ఎవరు దిగుతారండీ?" అన్నారు డాక్టరుగారు.

అయినా ఊడగొట్టిన పాపానికి ఓ జత కొనక తప్పలేదు. రేడియో సామాను కొట్టుకు ఈ కబురు ముందే చేరినట్టుంది. వీళ్లను చూడగానే యజమాని డబ్బాలన్నీ బల్ల కిందికి తోసేశాడు.

చివరికి విమానాలు బాగుచేసే మెకానిక్కు ఒకాయన జాలిపడ్డాడు. ఇలాంటివి బజార్లో వెతక్కూడదనీ, విమానాల సామాను అమ్మే కంపెనీ నుంచే తెప్పించుకోవాలనీ చెప్పి చిరునామా ఇచ్చాడు. పార్శిలు వచ్చింది. డాక్టరుగారు లాగారు. బావమరిది చేత లాగించారు. ఇద్దరూ చెరోవైపు పట్టి లాగారు. ఊడలేదు. ఆయన మొహం వెలిగిపోయింది.

తనిఖీ అధికారి వచ్చాడు. అన్నీ మెచ్చుకుంటూ బ్యాటరీ దగ్గరికొచ్చి ఆగాడు. అక్కడ కార్ల కొట్టులో కొన్న జత ఉంది. ఊరికే అలా లాగాడు. చేతికొచ్చేసింది. ఇక ఎగరడానికి అనుమతి లేదు.

కొత్తదేమైందని భార్య నిలదీస్తే, డాక్టరుగారు పైకప్పుకేసి చూస్తూ వేరేచోట అవసరం పడిందన్నారు. ఊరంతా తిప్పడానికి సొంత పెట్రోలు పోసిన బావమరిది ఒళ్లు మండి, చెప్పకుండా బయటికొచ్చేశాడు.

వీధి మలుపులో డ్రాయింగు టీచరమ్మ బ్యాటరీతో నడిచే చక్రాల కుర్చీలో ఎదురైంది. ఆ కుర్చీ నడిరోడ్డు మీద ఆగిపోవడం, లారీలు హారన్లు కొట్టడం వీధికంతా తెలుసు. ఈమధ్య ఆగడంలేదేమని అడిగాడు.

"మీ బావగారి చలవే బాబూ. అడగనైనా అడక్కుండా సీటు కింద తీగ లాగేశారు. ఊడొచ్చింది. తిడదామనుకునేలోపు ఇంటికెళ్లి ఇంకోటి తెచ్చి బిగించారు. 'నేను ఎప్పుడో ఎగిరేవాణ్ణి, మీరు రోజూ రోడ్డు దాటాలి కదమ్మా' అన్నారు."

బావమరిది వెనక్కి తిరిగాడు. డాక్టరుగారు షెడ్డులో విమానం పక్కన స్టూలేసుకుని, తప్పు చేసిన పిల్లాడిలా కూర్చుని ఉన్నారు.

"మళ్లీ తెప్పిద్దాం బావగారూ. ఈసారి రెండు జతలు చెబుదాం."

డాక్టరుగారు గొంతు తగ్గించి అన్నారు.

"మూడు చెప్పవోయ్. పొద్దున ఎదురింటివాళ్ల బ్యాటరీ స్కూటరు తీగ కూడా లాగి చూశాను."