లేని వేలి ముద్ర

కన్నడ నాట పావగడ తాలూకా మంగళవాడలో ముత్తక్క మొగుడు బైలప్పకు రెండున్నర ఎకరాల ఎర్రనేల ఉండేది. వాన పడితే వేరుశనగ పండేది, పడకపోతే ఏమీ లేదు. ఎనభై అయిదు నుంచి వరసగా మూడేళ్ళు ఏమీ లేదు. మొదటి ఏడే విత్తిన విత్తనం మొలకెత్తకుండానే మట్టిలో మాడిపోయింది. బైలప్ప ఊళ్ళోవాళ్ళ గొర్రెలు తోలుకొని మేత దొరికే దిక్కుకు పోయాడు. ముత్తక్క వై.ఎన్.హొసకోటలో వేరుశనగ కాయలు కొట్టి విత్తనాలు తీసే మిల్లుకు కూలికి పోయింది.

అప్పటికి ఆమెకు ముప్పై రెండేళ్ళు. పొడగరి. గొంతు పెద్దది, పనిలో చేతులు చురుకు. ఆ చురుకుదనం చూసే మిల్లు గుమాస్తా నరసప్ప ఆమెను విత్తనాలు ఏరే ఆడవాళ్ళ దగ్గర నుంచి లేపి మిషను దగ్గర నిలబెట్టాడు. పైన తొట్టిలో కాయలు పోయాలి, పొట్టు అడ్డం పడితే తీయాలి. మగవాళ్ళు చేసే పని అది. కూలి మాత్రం ఆడకూలే.

ఎనభై ఏడు నవంబరు పన్నెండో తేదీ. కరెంటు రోజుకు నాలుగు గంటలు ఉంటే గొప్ప. ఆ రోజు మధ్యాహ్నం వచ్చింది. అరగంటకే తడి పొట్టు మిషను నోట్లో ముద్దగా ఇరుక్కుంది.

"మోటారు ఆపు నరసప్పా, తీస్తాను" అని కేక వేసింది ముత్తక్క.

"ఆపితే మల్లా కరెంటు ఉంటాదో పోతాదో! చేత్తో లాగెయ్ మే, ఏం కాదు" అన్నాడు నరసప్ప, కుర్చీలోంచి లేవకుండానే.

ఆమె చెయ్యి పెట్టింది. ముద్ద ఊడింది. దాని వెంటే చెయ్యి లోపలికి పోయింది. పక్కన విత్తనాలు ఏరుతున్న గంగక్క పరుగెత్తి మోటారు ఆపింది. లేకుంటే మోచేతి దాకా పోయేది.

పావగడలో కట్టు కట్టి అదే రాత్రి బెంగళూరు పంపించారు. కుడిచేతి బొటనవేలు మిల్లులోనే తెగిపోయింది. నుజ్జయిన చూపుడువేలును డాక్టర్లు తీసేశారు. అరచెయ్యి కుట్టారు. మిగిలిన మూడు వేళ్ళూ ఉన్నాయి గానీ కదలలేదు.

"నరాలు దెబ్బతిన్నాయి" అన్నాడు పెద్ద డాక్టరు. "మూడు నెలలు పోయాక ఇంకో ఆపరేషన్ చేస్తే ఈ మూడూ మడతపడతాయి. కొడవలి పట్టుకోవచ్చు, ముద్ద కలుపుకోవచ్చు. ఆలస్యం చేస్తే కీళ్ళు బిగుసుకుపోతాయి. తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు." ఆ ఆపరేషన్ చేసే ప్రైవేటు ఆస్పత్రి పేరు కాగితం మీద రాసిచ్చాడు.

ఆ కాగితం పట్టుకొని ముత్తక్క మిల్లు సావుకారి దగ్గరికి పోయింది. ఆయన కాగితం చదివాడు, మడిచి తిరిగి ఇచ్చాడు.

"పాపం, అట్ల కాకుండాల్సింది. అయినా మమ్మల్ని అడుగుతావేందమ్మా? నువ్వు మా దగ్గర పని చేసిందెప్పుడు? హాజరు పుస్తకంలో నీ పేరే లేదే!"

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళంతా మంట పుట్టింది. ఎదురుగా నరసప్ప తల వంచుకొని ఏదో రాస్తున్నాడు.

"ఏం నరసప్పా, రెండేండ్లు నీ కండ్ల ముందర కాయలు పోసింది ఎవురు? దయ్యమా?"

నరసప్ప రాస్తూనే ఉన్నాడు.

మిల్లు నుంచి నేరుగా పావగడ బస్సెక్కింది. కోర్టు దగ్గర శ్రీరామప్ప అనే వకీలు ఉన్నాడని, కూలోళ్ళ కేసులు చూస్తాడని ఎవరో చెప్పారు. మెల్లగా మాట్లాడే మనిషి. ఆయన అంతా విని, ముందు సావుకారికి రిజిస్టరు ఉత్తరం పంపించాడు: ఈమెకు ఆపరేషన్ చేయించండి, ఆలస్యమైతే చెయ్యి పోతుంది అని. సావుకారి తీసుకోలేదు. ఉత్తరం 'తిరస్కరించారు' అనే రాతతో వెనక్కి వచ్చింది. శ్రీరామప్ప దాన్ని విప్పకుండా ఫైల్లో పెట్టాడు. జిల్లా కేంద్రంలో కార్మిక పరిహారం కమిషనర్ దగ్గర కేసు వేశాడు.

వాయిదాల మీద వాయిదాలు. తెల్లవారి బస్సుకు బయలుదేరి పోవడం, మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చోవడం, 'వచ్చే నెల' అనిపించుకొని రావడం. ఒకసారి మిల్లు తరపు వకీలు రాలేదు, ఒకసారి వాళ్ళ డాక్టరు రాలేదు. డాక్టరు వచ్చిన రోజు ఆమె చెయ్యి పట్టుకొని అటూ ఇటూ తిప్పి, పోయింది రెండు వేళ్ళే, చిన్నాచితకా పనులు చేసుకోవచ్చు అని చెప్పి పోయాడు.

"చిన్నాచితకా పనులంటే ఏంది?" అని బయటికి వచ్చాక అడిగింది ముత్తక్క. "కొంగు దోపుకోవడం చిన్న పనా, పెద్ద పనా? నా తల నేను దువ్వుకొని పదైదు నెల్లయింది."

ఎనభై తొమ్మిది మార్చిలో మిల్లు వకీలు ఒక కొత్త కాగితం తీశాడు. కమిషనర్ దాన్ని కన్నడంలో పైకి చదివాడు: ముత్తక్క అనే నేను మిల్లులో కూలి చేయలేదు. పొయ్యిలోకి పొట్టు ఏరుకోవడానికి వచ్చి, వద్దన్నా వినకుండా మిషనులో చెయ్యి పెట్టాను. మిల్లువారు దయతో ఆస్పత్రిలో చేర్పించారు. వారి మీద నాకు ఏ హక్కూ లేదు. తేదీ పదమూడు నవంబరు. కింద ముత్తక్క కుడిబొటనవేలి ముద్ర.

శ్రీరామప్ప నోరు తెరిచేలోపే ముత్తక్క లేచి నిలబడింది.

"సామీ, ఆ తేదీ ఇంగోసారి చదవండి."

కమిషనర్ చదివాడు.

ఆమె అంతవరకూ కన్నడంలోనే మాట్లాడుతూ వచ్చింది. ఇప్పుడు కోపం తెలుగులో తన్నుకొచ్చింది. "పన్నెండో తేదీ పగలు నా బొటనేలు ఆ మిల్లులో పొట్టులో పడిపోయినాది. మరుసటి దినం యాడ నుంచి తెచ్చి ముద్ర ఏసినారు సామీ? పొట్టులో ఎతికి తెచ్చినారా? ఏరుకున్న యేలు నాకే ఇచ్చింటే కుట్టించుకుందును కదా!" చుట్టిన గుడ్డ విప్పి చెయ్యి బల్ల మీద పెట్టింది. "యాడుండాది చూపించమనండి!"

శ్రీరామప్ప కన్నడంలో చెప్పబోతే కమిషనర్ చేత్తో ఆపాడు. అక్కర్లేదు, అర్థమైంది అన్నాడు. తర్వాత నరసప్పను పిలిచాడు.

"ఈ ముద్ర వేయించింది ఎవరు?"

"నేనే సార్. ఆస్పత్రిలో."

"ఏ వేలితో?"

నరసప్ప మిల్లు వకీలు వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. ఆడవాళ్ళకు కుడిచేతి ముద్ర వేయించే అలవాటుకొద్దీ వేరే ఎవరితోనో వేయించాడు. ఏ చెయ్యి పోయిందో ఆ క్షణంలో గుర్తులేదు. రెండేళ్ళు రోజూ చూసిన చెయ్యి అది!

పై వాయిదాకు గంగక్క తనంతట తానే బస్సెక్కి వచ్చి సాక్ష్యం చెప్పింది. ముత్తక్క రోజూ పనికి వచ్చేదని, నరసప్పే చెయ్యి పెట్టమన్నాడని చెప్పింది. మరునాడు ఆమెను మిల్లు గేటు దగ్గరే ఆపేశారు.

ఆ ఏడే తీర్పు వచ్చింది. ముత్తక్క మిల్లు కూలీయే, చెయ్యి మొత్తం పనికి రాకుండా పోయింది, సంపాదించే శక్తిలో నూటికి అరవై వంతుల నష్టం, దాని ప్రకారం పరిహారం కట్టాలి అన్నాడు కమిషనర్. ఆపరేషన్ సంగతి మాత్రం తన చేతిలో లేదన్నాడు.

సావుకారి హైకోర్టుకు అప్పీలుకు పోయాడు. పరిహారం చేతికి రాకుండా ఆగిపోయింది. అప్పీలులో ఏం రాశారో శ్రీరామప్ప చదివి చెప్పాడు: "ప్రమాదంలో పోయింది రెండు వేళ్ళే అంటారక్కా. తక్కిన మూడూ బిగుసుకుపోవడం నీ తప్పంట. సరిగ్గా వైద్యం చేయించుకోలేదంట. దానికి మిల్లుకు సంబంధం లేదంట."

"ఆపరేషన్ చేయించండని వాల్ల గడప తొక్కింది నేను. ఉత్తరం పంపించింది నువ్వు. తీసుకోకుండా తిప్పి పంపించింది వాల్లు. ఇప్పుడు చేయించుకోలేదని తప్పు నామీదనా? ఇట్ల రాసేటప్పుడు వాల్లకు చెయ్యి వనకలేదా శ్రీరామప్పా?"

సావుకారి మనుషులు ఈసారి, ఆమె చెయ్యి పోయిన నాటి నుంచి ఊరి దగ్గరే గొర్రెలు కాస్తున్న బైలప్పను పట్టుకున్నారు. కేసు వదులుకుంటే ఎంతో కొంత ఇస్తాం, మిల్లు గేటు దగ్గర కూర్చొనే పని కూడా ఇస్తాం అన్నారు. బైలప్ప మెత్తబడ్డాడు.

"ఎన్నాల్లు తిరుగుతావు మే? ఒప్పుకుందాం. నాకు ఓపిక లేదు."

"నీకు లేకుంటే గొర్రెల కాడికి పో. నేను దొంగముద్రగాల్ల గేటు కాడ కుక్క మాదిరి కూసోను."

నెల రోజులు ఇద్దరికీ మాటల్లేవు. అయినా ఆమె జడ బైలప్పే వేసేవాడు. మాట్లాడకుండా వేసేవాడు, ఆమె మాట్లాడకుండా వేయించుకొనేది. హైకోర్టు పిలుపు వచ్చినప్పుడు మాత్రం గొర్రెలు ఇంకొకరికి అప్పజెప్పి, ఆమె కంటే ముందు బస్టాండులో నిలబడ్డాడు.

అది తొంభై మూడు. జడ్జి కొత్తగా డాక్టర్ల బోర్డు చేత పరీక్ష చేయించాడు. నూటికి అరవై సరేనని బోర్డు రాసింది. అప్పుడు శ్రీరామప్ప విప్పని రిజిస్టరు ఉత్తరం జడ్జి ముందు పెట్టాడు. జడ్జి కవరు విప్పించి చదివాడు. వైద్యం చేయించమని అడిగితే ఉత్తరం కూడా ముట్టుకోని వాళ్ళు, వైద్యం చేయించుకోలేదని కూలిమనిషిని తప్పుపట్టడానికి వీల్లేదన్నాడు. అప్పీలు కొట్టేశాడు. ఆపరేషన్ ఖర్చు ఇప్పించమన్న మాటకు మాత్రం, ఈ చట్టంలో దానికి చోటు లేదన్నాడు.

"లేదంటే యాడుంటాది? ఏ కోర్టుకు పోవాల?" అని కారిడార్లోనే అడిగింది ముత్తక్క.

"యాడా లేదక్కా" అన్నాడు శ్రీరామప్ప. ఆయన కూడా అలసిపోయి ఉన్నాడు.

పరిహారం చేతికి రాగానే ఆమె మొదట పోయింది బెంగళూరుకే, ఆ ప్రైవేటు ఆస్పత్రికి. డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. ఒక్కొక్క వేలూ వంచబోయి వదిలేశాడు. కీళ్ళలో ఎముక ఎముకకు అతుక్కుపోయిందని, కోసినా లాభం లేదని చెప్పాడు. "అయిదేళ్ళ ముందు తీసుకొచ్చింటే..." అని బైలప్ప వైపు చూశాడు.

"ఆయప్పను ఎందుకు చూస్తావు సామీ?" అంది ముత్తక్క. "తీసుకురానిది ఆయప్ప కాదు. మీరు ఇప్పుడు చెప్పింది కాగితం మీద రాసియ్యండి, అయిదేండ్ల ముందయితే బాగయ్యేదని."

"రాసి ఏం చేస్తావమ్మా? కేసు అయిపోయింది కదా."

"సావుకారి ముఖం మీద కొడతాను."

డాక్టరు రాసివ్వలేదు. వాళ్ళు ఊరికి వచ్చేశారు.

ఆ డబ్బుతో ముత్తక్క సొంతంగా గొర్రెలు కొన్నది. ఎడమచేత్తో కట్టె పట్టి మొగుడితో పాటు బీళ్ళ మీద తిరిగింది. ఊళ్ళో ఆమె పేరు ఎత్తితే జనం మెచ్చుకొనేవాళ్ళు, హైకోర్టు దాకా పోయి సావుకారిని ఓడించిన ఆడదని. ఆ మాట వింటేనే ఆమె ఒంటికాలి మీద లేచేది.

ఒకరోజు గంగక్క మంగళవాడకు వచ్చింది. బీడులో రాతి మీద ఇద్దరూ కూర్చున్నారు. మాటల్లో గంగక్క, "ఏమైతేనేంది, గెలిచినావు గదక్కా" అంది.

ముత్తక్క కుడిచెయ్యి ఆమె ఒళ్ళో పెట్టింది.

"మడుచు."

"ఏందక్కా?"

"మూడు యేల్లు ఉండాయి గదా. ఒక్కటి మడిచి చూపించు. అప్పుడు గెలిచినానంటా."

గంగక్క నడిమి వేలు పట్టుకొని మెల్లగా వంచబోయింది. అది కదలలేదు. కొంచెం గట్టిగా పట్టింది. నొప్పి పుడుతుందేమోనని భయపడి వదిలేసింది. ముత్తక్క చెయ్యి తీసుకొని లేచి, చేలోకి దిగుతున్న గొర్రెలను అదిలిస్తూ పోయింది.