ఇంకెన్ని శనివారాలు

ఎనభైల మొదట్లో జంషెడ్‌పూర్‌లో ఒక కుటుంబ సంక్షేమ కేంద్రంలో పనిచేసేదాన్ని. కాసిడీహ్ పేటలో అద్దె గది. సెలవు రోజున నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. శనివారం నాలుగింటికి మాత్రం మా సూపర్‌వైజర్ మేడమ్ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నా కేసు నోటుబుక్కు చదివేవారు. పేజీకి ఎడమవైపు నేను వెళ్లిన ఇంట్లో జరిగింది రాయాలి, కుడివైపు నాకేమనిపించిందో రాయాలి. కుడివైపు ఎప్పుడూ ‘ఏమీ లేదు’ అనే రాసేదాన్ని. ఆవిడ ఎర్ర పెన్సిల్‌తో చిన్న ప్రశ్నగుర్తు పెట్టి, టీ కప్పు నా వైపు జరిపేవారు. ఆ గంట కోసమే వారమంతా ఎదురుచూస్తానని ఆవిడకి చెప్పలేదు.

సీతారాండేరాలో ఒక తెలుగువాళ్లింట్లో ఆరేళ్ల పిల్ల, తల్లి పోయాక మాట మానేసింది. తండ్రికి రైల్వేలో డ్యూటీ, ఇంట్లో నాయనమ్మే. ప్రతి బుధవారం వెళ్లి ఆ పిల్లతో చింతపిక్కలాడేదాన్ని. ఆరు నెలలకి మాట వచ్చింది, బడికీ వెళ్తోంది.

“ఇక కేసు ముగించు. కానీ ఇంకెన్నిసార్లు వస్తావో ముందే చెప్పి మరీ మానెయ్యి,” అన్నారు మేడమ్.

అప్పటికే ఆవిడకి బదిలీ ఆర్డరు వచ్చింది, రెండు నెలల్లో వెళ్లాలి. నాకూ ప్రతి శనివారం అలాగే లెక్క చెప్పేవారు. “ఇంకా ఎనిమిది శనివారాలు.” “ఇంకా ఏడు.” నాకు ఒళ్లు మండేది. వెళ్లేవాళ్లు వెళ్లక ఈ లెక్కలేమిటి అనుకునేదాన్ని.

పిల్లకి చెప్పడానికి నోరు రాలేదు. మనవాళ్లలో గడప దగ్గర ‘పోతున్నాను’ అనకూడదు కదా, ఆ వంక దొరికింది. చివరి బుధవారం కూడా “వెళ్లొస్తానమ్మా” అనేసి వచ్చాను. నోటుబుక్కులో ‘చెప్పాను’ అని రాశాను. ఆ పేజీలో మేడమ్ ప్రశ్నగుర్తు పెట్టలేదు. నన్ను నమ్మారు.

నెల తర్వాత ఆవిడా వెళ్లిపోయారు. ఆ తర్వాత వచ్చిన మొదటి శనివారం, నాలుగింటికి కాళ్లు వాటంతటవే మేడమ్ గదికి తీసుకెళ్లాయి. ఖాళీ కుర్చీ ముందు కూర్చున్నాను. ఎనిమిది వారాల ముందే తెలిసిన నాకే ఇలా ఉంటే, నేను ఒక్క మాటైనా చెప్పకుండా వదిలేసిన ఆ పిల్లకెలా ఉండాలి? లేచి సీతారాండేరా వెళ్లాను.

“ఏటమ్మా, ఇన్నాళ్లకి గుర్తొచ్చినామేటి?” అంది నాయనమ్మ. “బుధారం వత్తే సాలు, గుమ్మంలో కూకుంటాది. అన్నానికి రమ్మంటే రాదు. మళ్లీ మాట మానేసినాది.”

పిల్ల తలుపు వెనక నుంచి కదల్లేదు. నేను నేలమీద కూర్చున్నాను.

“ఇంక రానని నీకు చెప్పాల్సింది. భయమేసి చెప్పలేదు. తప్పు నాదే.”

తలుపు సందులోంచి చూసి, బడిలో నేర్చిన హిందీలో అడిగింది. “ఔర్ కిత్‌నీ బార్ ఆవోగీ?” ఇంకెన్నిసార్లు వస్తావని.

“నాలుగు బుధవారాలు.”

బయటికొచ్చి, నా చేతి వేళ్లు నాలుగు లెక్కపెట్టింది. నా పక్కన కూర్చోలేదు, కాస్త ఎడంగా కూర్చుంది.

కాసిడీహ్‌లో నా గదికొచ్చి నోటుబుక్కు తీశాను. కుడివైపు మొదటిసారి నిజం రాశాను. ‘మేడమ్ గుర్తొస్తున్నారు. ఏడుపొస్తోంది.’

ఆ పేజీ చదివేవాళ్లు లేరు.