దుబాసీ జగ్గారావు అడిగిన ప్రశ్న

బరంపురం కోర్టు చుట్టుపక్కల దుబాసీ జగ్గారావుని ఎరగనివాళ్ళు ఆ రోజుల్లో లేరు. ఊళ్ళోనే గోసాని నువాగాం పేటలో ఇల్లు. సన్నటి మనిషి, నల్ల కోటు, భుజం మీద మడత నలగని కండువా. ఇరవై తొమ్మిదేళ్ళపాటు జిల్లా కోర్టులో బోను పక్కన నిలబడి, తెలుగు సాక్షి చెప్పిందీ ఒడియా సాక్షి చెప్పిందీ ఇంగ్లీషులో జడ్జి దొరకి వినిపించాడు. ఆయన ఒక్క ముక్క కలిపేవాడు కాదు, ఒక్క ముక్క మింగేవాడు కాదు. సాక్షి ఏడుపుతో ఆగిపోతే తనూ ఆగేవాడు. సాక్షి తిట్టు తిడితే ఆ తిట్టుకి సరిగ్గా సరిపడే ఇంగ్లీషు తిట్టు వెతికి మరీ చెప్పేవాడు. దొరగారి చెవులు ఎర్రబడేవి గానీ ఆయన గొంతు మాత్రం మారేది కాదు.

కొత్త ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, బరంపురం మద్రాసు నుంచి అందులోకి పోయిన మరుసటేడు ఆయన రిటైరయ్యాడు. ఆ మార్పుకి ఊళ్ళో కొందరు దీపాలు పెట్టారు, కొందరు తలుపులు మూసుకున్నారు. జగ్గారావుకి ఏం చెయ్యాలో తోచలేదు. తల్లి జోల పాడింది తెలుగులో, పక్కింటి మావుసి, అంటే పిన్ని, అన్నం తినిపించింది ఒడియాలో. ఏ భాషకి పండగ, ఏ భాషకి మైల?

ఇంట్లో ఊరికే కూర్చోలేక విలవిల్లాడుతున్న సమయంలో గంజాం పౌర హక్కుల సంఘం వారి నుంచి కబురొచ్చింది. పెద్ద బజారులో ఒక బట్టల కొట్టు మేడ మీద చిన్న గది, అదే సంఘం ఆఫీసు. నడిపేది కుర్ర వకీళ్ళు. వాళ్ళకి దారి చూపేవాళ్ళు ఇద్దరు సలహాదారులు. ఒకరు రిటైరైన సబ్‌జడ్జి రామచంద్రరావు గారు. రెండోవారు వకీలు పట్నాయక్ బాబు. బరంపురం మద్రాసులోనే ఉండాలని ఊరంతా తిరిగి సంతకాలు చేయించింది రామచంద్రరావు గారు. ఒరిస్సాలో కలవాలని అంతకు రెట్టింపు సంతకాలు చేయించింది పట్నాయక్ బాబు. అలాంటి ఇద్దరూ ఇప్పుడు ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చునేవారు. ఏ ఫిర్యాదు ఏ చట్టం కిందికి వస్తుంది, ఏ కాగితం ఎవరికి రాయాలి అన్నది వాళ్ళు తేల్చేవారు. ఫిర్యాదులు రెండు భాషల్లో వచ్చేవి కాబట్టి వాటిని ఇంగ్లీషు చెయ్యడానికి జగ్గారావు కావలసి వచ్చాడు.

"సలహాలిచ్చీవోలు ఆలిద్దరూ. మరి మీరేటండీ?" అని అడిగింది ఆయన భార్య కూర్మమ్మ.

"నేనా? ఆల నోట్లో నాలికని" అన్నాడు.

ఆదివారం వస్తే ఆయనకి పండగే. రామచంద్రరావు గారికి జెనీవా నుంచి చిన్న చిన్న పుస్తకాలు పోస్టులో వచ్చేవి. దేశాలన్నీ కలిసి రాసుకున్న ఒప్పందాలు అవి. వాటికి ఆయన ఖాకీ కాగితం అట్టలు వేసి, బడిపిల్లాడిలా పేర్లు రాసుకునేవారు. పట్నాయక్ బాబు ముఢీలో, అంటే మరమరాల్లో, పచ్చిమిరపకాయలూ ఉల్లిపాయలూ కలుపుకుని వచ్చి, ఆ పుస్తకాల మీదే పొట్లం విప్పేవాడు. "అది అంతర్జాతీయ న్యాయం పట్నాయక్ బాబూ, విస్తరాకు కాదు" అనేవారు జడ్జిగారు. "ఆజ్ఞా, ఆకలి కూడా అంతర్జాతీయమే" అని ఒడియా మర్యాదతో అనేవాడాయన.

పంతొమ్మిదివందల ముప్ఫై ఎనిమిదిలో గిరిసోల దాటి మూడు మైళ్ళ అవతలి ఊరి నుంచి ఒక అర్జీ వచ్చింది. అక్కడి చిన్న జమీలో వెట్టి చేయిస్తున్నారు. కూలి లేదు, కూడు లేదు. ఒడియాలో దాన్నే బేఠి అంటారు. చెరువు గట్టు పనికి ఊడుపుల కాలంలోనే జనాన్ని తోలుకుపోతున్నారు.

రామచంద్రరావు గారు ఒక ఖాకీ అట్ట పుస్తకం తీశారు. మనిషి చేత బలవంతంగా పని చేయించకూడదని ఎనిమిదేళ్ళ కిందట జెనీవాలో కుదిరిన ఒప్పందం అది. "ఇందులో ఒక మెలిక ఉంది" అన్నారు. "ఊరి మేలు కోసం ఊరివాళ్ళు ఒప్పుకుని చేసుకునే చిన్న పనులు బలవంతపు పని కిందికి రావు. జమీవాళ్ళు ఇదే పట్టుకుంటారు."

"అయితే పోయి అడుగుదాం" అన్నాడు పట్నాయక్ బాబు.

మార్గశిరంలో ఒకరోజు ముగ్గురూ ప్యాసింజరు బండెక్కి గిరిసోలలో దిగారు. అక్కణ్ణుంచి ఎడ్లబండి. ఊళ్ళో జనం సావిడి ముందు చేరారు గానీ మగవాళ్ళు గోడకి ఆనుకుని దూరంగానే ఉండిపోయారు. చివరికి ఒకామె ముందుకొచ్చింది. పేరు దేముడమ్మ. నలభై ఏళ్ళుంటాయి. మొగుడు పోయాడు, ఎకరం చెక్క తనే చేసుకుంటోంది.

"చెరువు గట్టు పనికి నీ ఇష్టంతోనే వెళ్ళావా అమ్మా?" అని అడిగారు జడ్జిగారు. జగ్గారావు ఆ మాటని ఆమె యాసలో అడిగాడు.

"పిలిస్తే ఎల్తాం బాబూ. మా పెద్దోలూ ఎల్లినారు" అంది.

పట్నాయక్ బాబు నిట్టూర్చాడు. జడ్జిగారు కలం మూత పెట్టేశారు. ఆ ఒక్క మాటతో అర్జీ నీరుగారిపోయినట్టే. జగ్గారావు ఒళ్ళో కాగితం, చేతిలో పెన్సిలు. 'వెళ్తాం' అన్న చోట 'వెళ్ళక తప్పదు' అని రాస్తే చాలు. ఇంగ్లీషులో రెండు మాటల తేడా. అడిగేవాడు లేడు. పెన్సిలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆమె అన్నది అన్నట్టే రాశాడు. రాసి, పెన్సిలు కింద పెట్టాడు.

"అయ్యగారూ, సెలవిస్తే నేనొక పెశ్న అడుగుతానండి" అన్నాడు చివరికి. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆయన ఏ సాక్షినీ సొంతంగా ఒక్క ప్రశ్న అడిగి ఎరగడు. దుబాసీకి ఆ హక్కు లేదు.

జడ్జిగారు ఆశ్చర్యంగా చూసి తల ఊపారు.

"పిలిసినప్పుడు ఎల్లనంటే ఏటవుతాదమ్మా?"

దేముడమ్మ ఆయన మొహంలోకి చూసింది. "ఎల్లనన్నాను బాబూ, మొన్న సావనంలో. నారు ముదిరిపోతన్నాది, రెండు దినాలు ఆగండి, నా సెక్క ఊడిసేసి వస్తానన్నాను. జమీ బంట్రోతొచ్చి నా ఆవుని బందెలదొడ్డికి తోలేసినాడు. దూడ ఇక్కడ, తల్లి అక్కడ. మూడు దినాలు అరిసి అరిసి దూడ గొంతు పోనాది. నాలుగో దినం తట్ట ఎత్తుకుని ఎల్లాను. ఆవు ఇంటికొచ్చింది. నారు మటుకు పనికిరాకుండా పోనాది."

అప్పటిదాకా గోడకి ఆనుకున్న మగవాళ్ళు కూడా ముందుకి జరిగారు. పట్నాయక్ బాబు లేచి నిలబడ్డాడు. "ఆ గట్టు మీ ఊరి కోసమే కదా?" అని తనకి వచ్చిన తెలుగులో తనే అడిగాడు.

ఆమె నవ్వింది. "నీరంతా జమీ తోటకే ఎల్తాది బాబూ. మాది గట్టుకి ఈ పక్క. మాకు వాననీరే గతి."

జడ్జిగారు కలం మూత మళ్ళీ తీశారు.

తిరుగు బండిలో రామచంద్రరావు గారు, "జగ్గారావూ, ఆ ప్రశ్న మాకెందుకు తట్టలేదయ్యా?" అన్నారు.

"తమరు సట్టం సదువుకున్నారు. నేను సాచ్చుల మొకాలు సూసినానండి. ఇష్టంతోనేనా అని పెద్దోలు అడిగితే లేనోలు ఔననే అంటారు. ఔనంటే బేగి ఒగ్గేస్తారని."

దేముడమ్మ మాటలు ఒక్కటీ మార్చకుండా, కింద ఆమె వేలిముద్రతో జెనీవాకి వెళ్ళాయి. వెట్టికి ఇంగ్లీషులో ఏ మాట పెట్టాలని మూడు ఆదివారాలు కొట్టుకున్నారు. చివరికి వెట్టి, బేఠి అనే అలాగే ఉంచేశారు. నాలుగు నెలలకి జవాబొచ్చింది. మీ ఉత్తరం అందింది, అయితే మీ దేశం ఈ ఒప్పందానికి ఇంకా ఒప్పుకోలేదు కాబట్టి మేము చెయ్యగలిగింది లేదని మర్యాదగా నాలుగు వాక్యాలు. జడ్జిగారు దాన్ని రెండుసార్లు చదివి, మడిచి పుస్తకంలో పెట్టుకున్నారు. ఆ పూట జగ్గారావుకి అన్నం సయించలేదు.

అయితే నకలు ఒకటి కలెక్టరుకీ వెళ్ళింది. విచారణకని ఎవరో అధికారి వచ్చి ఊరు చూసి వెళ్ళాడు. జమీవాళ్ళు దేన్నీ ఒప్పుకోలేదు. కానీ ఆ ఏడు శ్రావణంలో బంట్రోతు ఆ ఊరి పొలిమేర తొక్కలేదు.

ఊడుపులయ్యాక ఒక ఆదివారం మేడమెట్లు ఎక్కి దేముడమ్మ వచ్చింది. వెనక పక్క ఊరివాళ్ళు మరో ఇద్దరు ఆడవాళ్ళు. జడ్జిగారికీ పట్నాయక్ బాబుకీ దణ్ణం పెట్టి, "పెశ్న అడిగిన బాబు ఏడీ? ఈలిద్దరి మాట కూడా ఆయన్నే అడగమనండి" అంది.

పట్నాయక్ బాబు పడిపడి నవ్వాడు. "చూశారా జడ్జిగారూ, మన పేర్లు కాగితం మీదే. అసలు సలహాదారు ఆయనే!"

ఆ వారమే కొత్త ఉత్తరాల కాగితం అచ్చుకి వెళ్ళింది. సలహాదారుల వరసలో మూడో పేరు చేరింది. "మెట్రిక్యులేషను తప్పినవాణ్ణండీ, బాగోదు" అని జగ్గారావు ఎంత మొత్తుకున్నా ఇద్దరూ వినలేదు. అచ్చయిన కాగితం ఒకటి ఇంటికి పట్టుకెళ్తే, చదువురాని కూర్మమ్మ ఆ పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమని అడిగింది. చూపించాడు. చాలాసేపు అక్కడే వేలు ఉంచింది.

యుద్ధం ముదిరాక కాగితం కరువైంది. కుర్ర వకీళ్ళు కొందరు జైళ్ళకి వెళ్ళారు. రామచంద్రరావు గారు కూతురి దగ్గరికి కాకినాడ వెళ్ళి అక్కడే పోయారు. పట్నాయక్ బాబు కటకానికి మకాం మార్చాడు. మేడ మీది గదిలో చీరల మూటలు పడ్డాయి.

జగ్గారావు ఆఖరి రోజుల్లో అంకులిలో మేనల్లుడి ఇంట్లో ఉండేవాడు. వరండాలో నవారు మంచం. ఎవరైనా వచ్చి ఆ సంఘం సంగతులు అడిగితే మొహం వెలిగిపోయేది. జెనీవా గురించీ కలెక్టరు గురించీ అడిగితే రెండు ముక్కల్లో ముగించేవాడు. ఆదివారాల గురించి అడిగితే మాత్రం పొద్దు తిరిగిపోయేది. కాగితం మీద ఊరి పేరు బరంపురం అని వెయ్యాలా, బ్రహ్మపుర అని వెయ్యాలా అని జడ్జిగారూ పట్నాయక్ బాబూ ఒకరి మీద ఒకరు కేకలేసుకున్న వైనం, ఇద్దరి గొంతుల్లోనూ, ఎవరి భాషలో వాళ్ళ మాటగా, ఒక్క ముక్క పోకుండా వినిపించేవాడు. చెప్పి చెప్పి, కళ్ళు తుడుచుకుని, "మా సెడ్డ మంచి మనుసులు బాబూ ఆలిద్దరూ. అలాటి దెబ్బలాట ఇప్పుడు ఇందామన్నా లేదు" అనేవాడు.