తాత నడుములోని మిషను

మా తాత గడియారాలు బాగుచేస్తాడు. ఎవరినీ నమ్మడు, సాటి మెకానిక్కులను అసలే నమ్మడు. గడియారం విప్పినవాడు మంచి సామాను నొక్కేసి పాతది బిగిస్తాడని ఆయన గట్టి అభిప్రాయం. నీకెలా తెలుసని అడిగితే మాట మారుస్తాడు.

నడుంనొప్పితో బల్ల ముందు పావుగంట కూర్చోలేకపోయేవాడు. రెండు నెలల కిందట డాక్టరమ్మ ఆయన నడుం పక్కన, చర్మం కింద, నొప్పి తెలియకుండా చేసే అగ్గిపెట్టెంత మిషను పెట్టి దాని వైర్లు వెన్ను దాకా పంపింది. అప్పటినుంచి పూటంతా కూర్చుని పని చేస్తున్నాడు.

ఈమధ్య నాకు ఆయన మీద అనుమానం మొదలైంది. స్నానానికి వెళ్లి గడియ పెట్టుకుంటున్నాడు. చొక్కా తనే ఉతుక్కుంటున్నాడు. నాకు బుద్ధి తెలిశాక అలాంటి వింత చూడలేదు. పైగా ఒంటి మీద పెట్రోలు వాసన.

"తాతా, చొక్కా ఎత్తు."

"పోవే, పనీపాటా లేదా నీకు?"

"అమ్మమ్మని పిలవనా?"

ఎత్తాడు. కుట్ల దగ్గర ఎర్రగా వాచి చీము కారుతోంది. ఒళ్లు కాలిపోతోంది. గడియారం చక్రాలు కడిగే పెట్రోలుతో, ఆ బ్రష్షుతోనే, వారంనుంచి పుండు తుడుస్తున్నాడట.

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మిషను తీసేస్తారు. తీసింది మళ్లీ ఎవడు పెడతాడు?"

అమ్మమ్మ, నేను ఆయన్ని ఆసుపత్రికి లాక్కెళ్లాం. డాక్టరమ్మ పుండు చూసి మొహమాటం లేకుండా చెప్పింది.

"ఇన్ఫెక్షన్ మిషను దాకా పోయింది. మందులొక్కటే చాలవు. వైర్లతో సహా తీసెయ్యాలి. వెన్నులోకి పాకితే కాళ్లు పడిపోవచ్చు. పుండు పూర్తిగా మానితే కొన్ని నెలలకి కొత్తది పెట్టే సంగతి చూద్దాం."

"చూద్దాం అని నేనూ రోజూ చెప్తానమ్మా గిరాకీలకి," అన్నాడు తాత.

"కాళ్లు పోయాక ఆ డబ్బాని మెళ్లో వేసుకుని తిరుగుతారా?" అంది అమ్మమ్మ.

తాత చాలాసేపు తన మోకాళ్లను చూసుకున్నాడు. చివరికి సంతకం పెట్టాడు, కాగితం రెండువైపులా చదివాకే.

మిషను తీశారు. జ్వరం దిగింది, నొప్పి తిరిగొచ్చింది. ఇప్పుడు పక్కకి తిరిగి పడుకుని, పళ్లు బిగబట్టి, పొద్దున్నే తనే చొక్కా ఎత్తుతున్నాడు.

"ఎరుపు ఉందా?"

"లేదు తాతా. మానుతోంది."

"నిజంగా చూశావా, నోటికొచ్చింది చెప్తున్నావా?"

నా మాట నమ్మక, గడియారాలు విప్పేటప్పుడు కంటికి పెట్టుకునే తన భూతద్దం తీసి నా చేతికిచ్చి, మళ్లీ చూడమన్నాడు.