ఏ గదికా గది

జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో మాస్టర్స్ రెండో ఏడు చదువుతున్నప్పుడు నేను ఇటుకలు కాల్చేదాన్ని. థీసిస్‌కు విషయం వెతుక్కుంటున్న రోజుల్లో, వేరే యూనివర్సిటీలో పనిచేసే ఒక జర్మన్ పురావస్తు పరిశోధకురాలు రెండు ప్లాస్టిక్ డబ్బాలతో మా ల్యాబ్‌కు వచ్చింది. వాటి నిండా మట్టి ఇటుకల ముక్కలు. యొర్దాను నదికి ఎగువన ఒక దిబ్బను తవ్వితే దొరికాయట. బైబిల్ కాలం నాటి పట్నం అది. ఎప్పుడో మంటల్లో పోయింది.

"పొయ్యిలోంచి నిప్పు అంటుకుని కాలిందా, ఎవరైనా పనిగట్టుకుని కాల్చారా? అది తేల్చాలి," అంది ఆవిడ.

ఆ దిబ్బ దగ్గరి మట్టితోనే చిన్న చిన్న ఇటుకలు చేసి, ఒక్కోదాన్ని ఒక్కో వేడిలో కాల్చి, పాత ముక్కలతో పోల్చి చూడడం నా పని. ఎంత వేడి తగిలిందనేది మట్టిలో గుర్తుగా మిగిలిపోతుంది.

ల్యాబ్‌లో ఫర్నేసులు చూసుకునే టెక్నీషియన్‌ది సిరియా. అలెప్పో దగ్గర పల్లెటూరు. యాభై దాటి ఉంటాయి. యుద్ధం ముదిరాక భార్యాపిల్లలతో ఇక్కడికి వచ్చేశాడు. ఇద్దరం మాకు వచ్చిన జర్మన్‌లో మాట్లాడుకునేవాళ్ళం. మొదట్లో నా ఇటుకలన్నీ బీటలు వారిపోతుంటే ఆయనే చూసి, "గడ్డి తక్కువైంది. మా నాన్న తరిగిన గడ్డి కలిపి, కాళ్ళతో తొక్కి, రెండు రోజులు నానబెట్టేవాడు. మా ఇల్లంతా అలా కట్టిందే," అన్నాడు. అప్పటినుంచి నా ఇటుకలు పగల్లేదు.

చలికాలం చివరికి ఫలితాలు వచ్చాయి. తవ్వకంలో బయటపడ్డ ఇళ్ళ మధ్య మంట దాటలేనంత పెద్ద ఖాళీ జాగా ఉంది. అయినా రెండు వైపులా గదులు ఒకేలా మాడాయి. గోడలకు లోపలి వైపే ఎక్కువ వేడి తగిలింది. ఒక గదిలో జాడీల నిండా శనగలు బొగ్గయిపోయి ఉన్నాయి. తిండి కోసం వచ్చినవాళ్ళు శనగలు వదిలిపోరు. వచ్చినవాళ్ళెవరో ఏ గదికా గది అంటించుకుంటూ పోయారు.

"కావాలనే కాల్చారు! తేలిపోయింది!" అని ల్యాబ్‌లో గట్టిగా అరిచేశాను. చప్పట్లు కూడా కొట్టాను.

ఫర్నేస్ తలుపు వేస్తున్న ఆయన చెయ్యి ఆగిపోయింది. నా వైపు ఒకసారి చూసి, చేతి తొడుగులు విప్పి బల్ల మీద పెట్టి, బయటికి వెళ్ళిపోయాడు. దేనికి చప్పట్లు కొట్టానో నాకప్పుడు అర్థమైంది.

ఆ సాయంత్రం అన్నం సహించలేదు. నాతో ఉండే వరంగల్ అమ్మాయి విసుక్కుంది. "మూడు వేల ఏండ్ల కింద కాలిన ఇంటికి ఇప్పుడు ఏడుస్తవా? తిను. రేపు నీకు వీసా అపాయింట్‌మెంట్ ఉంది, యాదికుందా?"

"ఇంటికోసం కాదే. ఆయన మొహం చూసిన," అన్నాను.

క్షమించమని అడగడానికి మాటలు కూడబలుక్కుని వెళ్తే, ఆయనే ముందుగా ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. పైకప్పు లేని గది, ఎర్రబారిన గోడలు. "మా వంటిల్లు. ఇన్నేళ్ళకు మా తమ్ముడు వెనక్కి వెళ్ళి చూశాడు. పక్కింటివాళ్ళు పైనుంచి బాంబు పడి కాలిందంటున్నారు. మా తమ్ముడేమో ఆ పక్కింటివాడే అంటించాడంటున్నాడు. మా ఆలివ్ తోట ఇప్పుడు వాడి చేతిలో ఉంది. నువ్వు చెప్పగలవా?"

ఫోటో చూసి చెప్పలేనన్నాను. కొన్ని వారాల తర్వాత వాళ్ళ బంధువెవరో వస్తూ ఆ వంటింటి గోడ ముక్క ఒకటి తెచ్చాడు. అగ్గిపెట్టంత ఉంది. వద్దనలేకపోయాను. కొలిచాను. చాలా వేడి చూసిన మట్టి. దిబ్బలో దొరికిన గదులంత వేడి.

"అంటే అంటించిందే కదా?" అన్నాడు.

"ఒక్క ముక్కతో చెప్పలేం. వంటింట్లో నూనె ఉంటుంది, కట్టెలుంటాయి. ఎలా మొదలైనా ఇంత వేడి రావచ్చు. నాకు తెలియదు."

"ఆ పాత పట్నం వాళ్ళకోసం రెండు డబ్బాలు తెచ్చారు. మాకు ఒక్క ముక్క," అన్నాడు మెల్లగా.

వెంటనే వరండాలోకి వెళ్ళి తమ్ముడితో అరబీలో చాలాసేపు మాట్లాడాడు. లోపలికి వచ్చాక ఏం చెప్పారని అడిగాను.

"పైనుంచి బాంబు పడే కాలిందని చెప్పాను. జర్మనీలో యంత్రం పెట్టి చూశారన్నాను."

"నేనలా అనలేదు కదా!"

"నువ్వు తెలియదన్నావు. మా తమ్ముడికి తెలియదంటే, పక్కింటివాడేనని అర్థం. మా తమ్ముడి దగ్గర తుపాకి ఉంది."

నాకు కోపం వచ్చింది. నా పరీక్షను తీసుకెళ్ళి అబద్ధానికి సాక్ష్యం పెట్టాడు. ఇంటికి పోయి ఆయన చోట నన్ను నిలబెట్టి చూసుకుంటే, అంతకంటే మంచి జవాబేదీ దొరకలేదు. కోపం మాత్రం పూర్తిగా పోలేదు.

థీసిస్ డిఫెన్స్ రోజు ఆయన చివరి వరసలో కూర్చున్నాడు. ఎవరో అడిగారు, "పట్నాన్ని కాల్చింది ఎవరు? ఇశ్రాయేలీయులా, ఐగుప్తు సైన్యమా, ఊళ్ళోవాళ్ళేనా?" ఇటుకలను బట్టి అది చెప్పలేమన్నాను. డబ్బాలు తెచ్చిన ఆవిడ తలూపింది. నాకు మంచి మార్కులే వచ్చాయి.

ఎండాకాలంలో సర్టిఫికెట్ తీసుకోవడానికి వెళ్ళినప్పుడు ఆయన్ని కలిశాను. తమ్ముడు గోడలు లేపి వంటింటికి పైకప్పు వేసుకున్నాడట. పక్కింటాయన కూడా వచ్చి మట్టి తొక్కాడట. తోట సంగతి ఇంకా తేలలేదట. ఇవన్నీ చెబుతున్నంతసేపూ ఆయన నా మొహంలోకి చూడలేదు.