ఒక్క గొర్రె కూడా కాలు పెట్టని గుట్ట

అంజినప్పను నేను మొదటిసారి చూసింది 2003 వేసవిలో. నల్లమాడ నుంచి పన్నెండు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే పల్లె అది. నేను డిగ్రీ ముగించి, ఒక స్వచ్ఛంద సంస్థలో చేరి నెల కూడా కాలేదు. వాటర్‌షెడ్ పనులకు ఊళ్లను ఒప్పించడం నా ఉద్యోగం. సంచిలో మార్గదర్శకాల పుస్తకం, నోటి నిండా సుస్థిర అభివృద్ధి, ప్రజల భాగస్వామ్యం. ఆ రోజు బడి వరండాలో అరగంట వాయించాను. అంతా విన్నాక, గోడకు ఆనుకుని నిలబడ్డ యాభై ఏళ్ల మనిషి, భుజాన గొంగడి, చేతిలో కట్టె, ఒక్కటే అడిగాడు.

"అంతా బాగుండాది సార్. గుట్ట మూసేస్తే మా జీవాలు యాడికి పోవల్ల?"

జీవాలంటే గొర్రెలు, మేకలు. ఆ ఊళ్లో ఇరవై రెండు కురుబ ఇళ్లు వాటి మీదే బతుకుతాయి. గుట్టంటే ఊరి వెనక బోడిగుట్ట. నూట నలభై ఎకరాల సర్కారు పోరంబోకు. పేరుకు తగ్గట్టే రాళ్లు తేలి ఉండేది. దాన్ని మూడేళ్లు మేపకుండా వదిలి, అడ్డంగా కందకాలు తవ్వితే గడ్డి లేస్తుంది, వాన నీళ్లు ఇంకుతాయి. నాలుగో ఏడు వానలు పడ్డాక ఆ గడ్డి మీద హక్కు కాపరులదే. పుస్తకంలో అట్లాగే ఉంది. పేజీ తీసి చదివి వినిపించాను.

"పుస్తకంలో రాసినారంటే సరే," అన్నాడు అంజినప్ప. "మాట మాటే కదా."

ఆ ఒక్క వాక్యం నేను సరిగ్గా వినలేదు. నాకు అది ఒప్పుకోలు. ఆయనకు అది ఒప్పందం.

వారంలో ఇరవై రెండు ఇళ్లూ తిరిగాడు. కురుబోళ్లు మాట ఇచ్చుకునే పద్ధతి ఒకటుంది: బీరప్ప గుడి ముందర కట్టెలన్నీ నేల మీద పెట్టి, ఎవరి కట్టె వాళ్లు దాటి, మళ్లీ చేతికి తీసుకుంటారు. ఆ తర్వాత మాట తప్పినోడి మందలోకి మిగతావాళ్లు జతకు పొట్టేలును కూడా ఇవ్వరు. అందరూ దాటారు. ప్రాజెక్టులో ముళ్లకంచెకు అంచనా ఉంటే అంజినప్ప వద్దన్నాడు. కంచె దొంగకు, మనకెందుకు అన్నాడు. గుట్ట చుట్టూ ఉన్న బండలకు సున్నం పూయించి ఊరుకున్నాడు.

ఆయన భార్య పెద్దక్క మాత్రం నా ముందే తిట్టింది. "మాట ఇచ్చేది నువ్వు, మూట మోసేది నేను. మూడేండ్లు వలస పోవల్లంటే నీకేం, కట్టె పట్టుకుని ముందర పోతావు. వెనక సట్టి, చాప, గొర్రెపిల్లలు ఎవురు మోస్తారప్పా?"

"నాలుగో ఏడు ఇంటి కాడే పండుకుందువులే," అన్నాడాయన.

అదే పందెం. నాలుగో ఏడు గుట్ట తెరుచుకుంటే ఎండాకాలంలో మందల్ని తోలుకుని నంద్యాల వరిమళ్ల దాకా నడిచే పని ఉండదు. తెరుచుకోకపోతే ఇరవై రెండు ఇళ్ల ముందూ అంజినప్ప తలెత్తలేడు.

రెండో ఎండాకాలంలో ఒక్కడు తప్పాడు. శ్రీరంగప్ప, అంజినప్ప చిన్నాయన కొడుకే. వలసలో సగం మంద చస్తే మిగిలిన నలభై గొర్రెల్ని వెనక్కి తోలుకొచ్చి, ఒక మధ్యాహ్నం గుట్ట ఎక్కించాడు. అంజినప్పే పట్టుకున్నాడు. జరిమానాగా జాతరకు ఒక గొర్రెపిల్ల ఇవ్వాలని ఊరి వాటర్‌షెడ్ కమిటీలో తీర్మానం చేయించి, తీర్మానాల పుస్తకంలో రాయించాడు.

"కలెక్టరు అయిపోయినావు కదన్నా," అన్నాడు శ్రీరంగప్ప వేలిముద్ర వేస్తూ. "జీపు ఎప్పుడొస్తాది?"

"నువ్వు ఇచ్చే పిల్లను కట్టేసేదానికి తాడు తెచ్చుకో ముందు," అన్నాడు అంజినప్ప.

2005 చివరికి బోడిగుట్ట నేను గుర్తుపట్టలేనట్టు మారింది. బోదగడ్డి మోకాలి ఎత్తు లేచింది. కింద రెండు బావుల్లో నీళ్లు నిలిచాయి. మా ఆఫీసు వాళ్లు వచ్చినవాళ్లందరినీ ఆ గుట్ట ఎక్కించడం మొదలుపెట్టారు. 2006 జనవరిలో దక్షిణ కొరియా నుంచి ఒక బృందం వచ్చింది. పల్లెల అభివృద్ధి మీద ఏవో పరిశోధనలు చేస్తున్నారట. వాళ్లలో ఒక పెద్దావిడ, అక్కడి అటవీ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి, గడ్డిలో కూర్చుని ఒక పోచ తుంచి వాసన చూసింది. దుబాసీ ద్వారా అడిగింది: "ఈ గడ్డి ఎవరిది?"

"కమ్యూనిటీది మేడమ్," అన్నాడు మా ప్రాజెక్టు సారు.

"కాగితం మీద?"

సారు నవ్వాడు. "అది ప్రాసెస్‌లో ఉంది."

ఆవిడ నవ్వలేదు. తన చిన్నప్పుడు వాళ్ల కొండలు కూడా ఇట్లాగే బోడిగా ఉండేవని, పల్లెపల్లెకూ అడవి సంఘాలు పెట్టి చెట్లు పెంచారని చెప్పింది. "పెంచినవాళ్ల వాటా ఎంతో ముందే రాసుకోవాలి. తర్వాత రాద్దాం అంటే రాసేవాళ్లు మారిపోతారు," అంది.

వాళ్ల కార్లు వెళ్లిపోయాక అంజినప్ప నన్ను పక్కకు పిలిచాడు. "ఏమప్పా, ఆయమ్మ కాగితం అనింది కదా. మనకు ఉండాదా?"

"పుస్తకంలో ఉంది కదన్నా."

"పుస్తకం సరే. మా ఊరి పేరుతో ఉండాదా?"

ఆఫీసులో అడిగాను. గైడ్‌లైన్స్ చాలవా అన్నారు. మళ్లీ అడిగాను. ఫైలు పెట్టమన్నారు. పెట్టాను. ఆ ఫైలు ఇప్పటికీ ఏదో బల్ల మీద ఉండే ఉంటుంది.

ఫిబ్రవరిలో సర్వే సారు వచ్చాడు. సర్కారు భూములు ఏది ఏ వాడకంలో ఉందో రాసుకుంటున్నారు. అంజినప్పే దగ్గరుండి గుట్ట చుట్టూ తిప్పాడు. నేనూ పక్కనే నడిచాను.

"ఇక్కడ ఎవరైనా సాగు చేస్తున్నారా?"

"లేదు సార్."

"పశువుల మేత?"

అంజినప్ప ఛాతీ విరుచుకున్నాడు. "మూడేండ్లుగా ఒక్క గొర్రె కూడా కాలు పెట్టలే సార్. కావాలంటే ఊళ్లో ఎవురినైనా అడగండి."

సర్వే సారు రాసుకున్నాడు. సంతకం చేయమంటే అంజినప్ప చేశాడు. సాక్షిగా నేనూ చేశాను. గర్వంగా చేశానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మే నెలలో పంచాయతీ బోర్డు మీద కాగితం అంటించారు. బోడిగుట్ట పోరంబోకు, 'ఎవరి వినియోగంలోనూ లేదు' కాబట్టి బయోడీజిల్ పథకానికి కేటాయింపు. అడవి ఆముదం, కానుగ నాటుతారు. గుంతలు తవ్వే పని ఉపాధి హామీ కింద ఊరివాళ్లకే. సుస్థిర అభివృద్ధి అనే మాట ఆ కాగితంలో కూడా ఉంది. ఒక ఆఫీసు పెంచిన గడ్డిని ఇంకో ఆఫీసు పీకమంటోంది, రెండింటికీ అదే పేరు.

పెద్దక్క కొత్త జాబ్ కార్డు తెచ్చి మొగుడి ముందర పెట్టింది. "మన కసువు మనమే పెరికి గుంత తవ్వితే కూలి ఇస్తారంట. పోదునా?"

ఆయన లేచి బయటికి వచ్చాడు. అరుగు మీద అప్పటికే పదిమంది కాపరులు కూర్చుని ఉన్నారు. "నువ్వే చెప్పినావంట కదా, ఎవురూ మేపలేదని," అన్నాడు ఒకాయన. కోపంగా కూడా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

సోమవారం అర్జీల రోజు అనంతపురం పోయాం. నాలుగు సోమవారాలు పోయాం. ప్రతిసారీ ఒక కౌంటరు నుంచి ఇంకో కౌంటరుకు. నాలుగోసారి ఒక అధికారి కూర్చోబెట్టి విన్నాడు. మంచివాడే, కోప్పడదామన్నా వీల్లేదు.

"మీ వాడకంలో ఉన్నట్టు ఆధారం చూపండి. గుట్టంతా కాకపోయినా కొంత మినహాయిస్తాం."

"మేము పెంచినాము సార్ ఆ కసువు."

"పెంచడం వాడకం కాదయ్యా. మేపారా? మేపినందుకు ఎప్పుడైనా ఎవరైనా పట్టుకున్నారా? కేసు, జరిమానా, ఏదైనా రాతలో ఉందా?"

నేను తెచ్చిన కాగితాలు తిరగేయసాగాను. అంజినప్ప మాత్రం నెమ్మదిగా అన్నాడు: "ఒకటి ఉండాది సార్."

మరుసటి రోజు కమిటీ తీర్మానాల పుస్తకం తీశాం. శ్రీరంగప్ప, నలభై గొర్రెలు, ఒక మధ్యాహ్నం, ఒక పిల్ల. మూడేళ్లలో ఆ గుట్టను వాడుకున్నట్టు రాతలో ఉన్న మనిషి, మాట తప్పిన ఆ ఒక్కడే. సంగతి చెబితే శ్రీరంగప్ప చాలాసేపు నవ్వాడు.

"అయితే గుట్ట నాదే కదన్నా ఇప్పుడు. మీరంతా నా దగ్గర అడుక్కోని మేపల్ల."

తర్వాత నవ్వు ఆపి, "ఒక్కని పేరు చాల్తాదా?" అని అడిగాడు.

చాలదు. మిగతా ఇరవై ఒక్కరూ కూడా మేపినట్టు వాంగ్మూలం ఇవ్వాలి. ఎవరూ కదల్లేదు. బీరప్ప ముందర కట్టె దాటినోళ్లు, చేయని తప్పును చేశామని రాసివ్వాలి. "పక్కూరోళ్లు వింటే మనకు పొట్టేలును ఇస్తారా?" అన్నాడు ఒకాయన.

"పేపరు మీద ముందర నా పేరు రాయప్పా," అన్నాడు అంజినప్ప నాతో.

"ఏమని రాయమంటావన్నా?"

"మూసిన గుట్టలో దొంగతనంగా మేపినా అని. మూడేండ్లూ. ఎన్ని గొర్లని అడిగితే అన్నీ అని రాయి."

రాశాను. చదివి వినిపించమన్నాడు. వినిపించాను. సంతకం చేయడానికి అంత సేపు తీసుకున్న మనిషిని నేను చూడలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. పెద్దక్క తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉంది. ఈసారి తిట్టలేదు.

పడమటి వైపు అరవై ఎకరాలు మినహాయించారు. మిగతా ఎనభైలో గుంతలు పడ్డాయి, గడ్డి పోయింది, నాటిన మొక్కల్లో సగం ఆ ఏటి ఎండకే మాడాయి. అరవై ఎకరాల్లో ఆగస్టులో గొర్రెలు దిగాయి. ఇరవై రెండు మందలకు అది రెండు నెలల మేత. తర్వాత తొమ్మిది ఇళ్లవాళ్లు మళ్లీ నంద్యాల దారి పట్టారు. అంజినప్ప, పెద్దక్క కూడా వాళ్లలో ఉన్నారు. ఆ అరవై ఎకరాల మేత ముందు చిన్న మందలవాళ్లకు వదిలేద్దామని ఆయనే అన్నాడు.

2008లో కొత్త పథకం, కొత్త సారు. ఊరికి ఉత్తరాన ఇంకో బీడు ఉంది. రెండేళ్లు మేపకుండా వదిలితే బాగా వస్తుందని సారు చెప్పాడు. చెప్పింది నిజమే. పక్కనే కూర్చున్న నేను తల ఊపలేదు. వరండాలో అందరూ అంజినప్ప వైపు చూశారు.

"రోజూ మేపుతాము సార్," అన్నాడాయన. "కసువు లేకపోయినా తోలుతాము. మీరు వచ్చినప్పుడల్లా ఆడ మా గొర్లు కనపడతాయి. మేపుతాండారని రాసుకోని పోండి."

"అట్లయితే అది బీడుగానే ఉండిపోతుంది కదయ్యా," అన్నాడు కొత్త సారు.

"ఉండనీ సార్. మా బీడే కదా," అని అంజినప్ప గొంగడి భుజాన వేసుకుని లేచాడు.