బంతి కనిపించే సాఫ్ట్‌వేరు

మా మేనత్త ఉద్యోగమంతా ఒక పెద్దాసుపత్రి లాండ్రీలోనే గడిచింది. దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్ల తెల్లకోట్లు, ఆపరేషన్ గదిలో వేసుకునే ఆకుపచ్చ గౌన్లు, అన్నీ ఆమె ఇస్త్రీబల్ల మీదుగా పోవలసిందే. ఆవిరి సెగకు చేతులు ఎప్పుడూ కందిపోయి ఉండేవి. మనసు మాత్రం చల్లన. ఆమె పగలబడి నవ్విందంటే పక్కింటివాళ్లు కిటికీ తీసి, "ఏంటో చెప్తే మేమూ నవ్వుతాం కదా!" అనేవాళ్లు.

ఆమెకు రెండు గర్వాలు. తను ఇస్త్రీ చేసిన కోటు మీద ముడత ఉందని ఏ డాక్టరూ అనలేదన్నది మొదటిది. రెండోది వాలీబాల్. వయసులో ఉన్నప్పుడు ఆసుపత్రి ఆటల పోటీల్లో లాండ్రీ ఆడవాళ్లకూ వంటశాల ఆడవాళ్లకూ ఏటా మ్యాచి జరిగేది. ఏటా వంటశాలే గెలిచేది. రోజూ గంగాళాలు ఎత్తి దించే భుజాలతో పోటీపడటం మాటలా? కానీ ఒక్క ఏడు, ఒకే ఒక్క ఏడు, లాండ్రీ గెలిచింది.

గెలిచారు సరే, ఆఖరి పాయింటు కొట్టిందెవరు? అత్త తానేనంటుంది. బట్టలుతికే యంత్రాల దగ్గర పనిచేసిన ఆమె స్నేహితురాలు కూడా తానేనంటుంది. పొట్టిగా, గుండ్రంగా ఉండి, నిలిచినచోట నిలవకుండా తిరుగుతుందని ఆవిడను అందరూ బొంగరం అనేవాళ్లు. ఇద్దరూ ప్రాణస్నేహితులు. ఒకే వీధిలో ఇళ్లు. కూర మంచిదైతే గిన్నెతో పంపుకుంటారు, జ్వరమొస్తే మందు తెచ్చిపెట్టుకుంటారు. ఆ పాయింటు మాట వస్తే మాత్రం ఉప్పూ నిప్పూ. ఉద్యోగాలైపోయి, జుట్టు నెరిసిపోయినా ఆ తగువు తెగలేదు.

ఇలా ఉండగా, ఒకప్పుడు ఎక్స్‌రేలు తీసే ఉద్యోగి ఒకాయన ఇల్లు మారుతూ అటక మీద ఒక పాత వీడియో టేపు చూశాడట. ఆ మ్యాచిని తీసింది ఆయనే. తన కొడుకు చేత దాన్ని కంప్యూటరుకు పనికొచ్చేలా మార్పించి, పెన్‌డ్రైవులో వేసుకుని అత్త ఇంటికొచ్చాడు.

"చెల్లెమ్మా, నీ ఆట ఇందులో ఉంది. నాకిప్పుడు కళ్లు సరిగ్గా ఆనడం లేదు. నువ్వే చూసుకో" అన్నాడు.

అత్త ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆ సాయంత్రమే మాకు కబురొచ్చింది. నేను వెళ్లేసరికి బొంగరం కూడా కుర్చీ వేసుకుని సిద్ధంగా ఉంది. ముందుగదిలో కిటికీ పక్కన, కుట్టుమిషన్ బల్ల మీద కంప్యూటరు. కూతురు కొత్తది కొనుక్కుంటూ తన పాతదాన్ని అమ్మకిచ్చింది. ఉత్తరాలు చూసుకోవడం, పేకాట ఆడుకోవడం అత్తకు బాగానే వచ్చు.

ఫైలు మీద నొక్కింది. ఈల వినిపించింది. జనం అరుపులు, చప్పట్లు వినిపించాయి. తెర మాత్రం నల్లగా అలాగే ఉంది.

"ఇదేంటే, రేడియోలో మ్యాచి వింటున్నట్టుంది!" అంది బొంగరం.

కంప్యూటరుతోపాటు వచ్చిన ఆ ప్లేయరుకు అత్త ఆ క్షణమే 'రేడియో' అని పేరు పెట్టేసింది. అయినా ఇద్దరూ చివరిదాకా చెవులు రిక్కించి విన్నారు. ఆఖర్న పెద్ద కేక వినపడగానే "అదిగో నేను కొట్టాను!" అని ఒకేసారి అరిచారు.

అత్త అప్పుడే ఒక నిర్ణయానికి వచ్చింది. ఈ ఆట తాను చూడటమే కాదు, జట్టులో ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక డీవీడీ ఇవ్వాలి. ఎవరింట్లో కంప్యూటరు ఉందో లేదో గానీ, టీవీ కింద డీవీడీ ప్లేయరు లేని ఇల్లు లేదప్పుడు. కంప్యూటరులో డిస్కు రాసే డ్రైవు ఎలాగూ ఉంది. కావలసిందల్లా ఆ వీడియోను సరిగ్గా చూపించి, సరిగ్గా డిస్కులోకి ఎక్కించే సాఫ్ట్‌వేరు. అది ఏదన్నదే ప్రశ్న.

నేను ఇంటర్నెట్‌లో వెతికి ఒకటి దించిపెట్టాను. దాని పేజీ నిండా నక్షత్రాలు, పొగడ్తలు. ఈసారి బొమ్మ వచ్చింది! పసుపు పచ్చటి ఎండ, మట్టి నేల, రెండు కర్రలకు కట్టిన నెట్టు. పని కోట్లు నడుముకు బిగించి, చెప్పులు విప్పేసి, లాండ్రీ జట్టు.

"అమ్మో, ఎంత సన్నగా ఉన్నామే!" అని అత్త నోటి మీద చెయ్యి వేసుకుంది.

"నువ్వు ఉన్నావు. నేనెప్పుడూ ఇంతే" అంది బొంగరం.

అంతా బాగానే ఉంది గానీ, ఆ సాఫ్ట్‌వేరు తన పేరును తెర నడిమధ్యన పెద్ద పెద్ద అక్షరాలతో ముద్ర వేసుకుంది. కొనేదాకా అది పోదట. ఆఖరి పాయింటు దగ్గర బంతి నెట్టు మీదికి లేచింది. అత్త, బొంగరం ఇద్దరూ ఎగిరారు. బంతి సరిగ్గా ఆ ముద్ర వెనక్కి పోయింది. మళ్లీ కనిపించేసరికి అవతలి పక్క నేల మీద ఉంది.

"నీ ముద్ర తగలెయ్య!" అని అత్త తెర మీద పెన్సిలుతో కొట్టింది. "ఊరంతా ఖాళీగా ఉంటే నీకక్కడే చోటు దొరికిందా?"

ఒకటికి పదిసార్లు వెనక్కి తిప్పి చూశాం. పక్కనుంచి తొంగి చూస్తే ఏమైనా కనబడుతుందేమోనని బొంగరం మెడ వంచి తెర అంచున చూసింది కూడా. పైగా ఆ సాఫ్ట్‌వేరు వస్తూ వస్తూ చుట్టాలను వెంటేసుకొచ్చింది. ఏ పేజీ తెరిచినా వాతావరణం చెప్పే పెట్టె ఒకటి, ఎవరూ అడగకుండానే. దాన్ని తీసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మూడోదాన్ని అత్త మరిది తెచ్చాడు. మామయ్యకు తమ్ముడు, కంప్యూటర్ల దుకాణంలో పనిచేస్తాడు. మాట కోటలు దాటుతుంది గానీ మనసు వెన్న.

"వదినా, ఇలాంటి చిల్లర సరుకు ఎందుకు పెట్టుకున్నావ్? ఇది చూడు. మా దుకాణంలో నెలకిద్దరికే చూపిస్తాం ఇలాంటిది" అన్నాడు.

"మరి ఈ నెల రెండో మనిషి ఎవరో పాపం" అంది అత్త.

అది తెరుచుకునే తీరే వేరు. సంగీతం మోగింది, తెరలు తొలిగాయి, మెట్లు మెట్లుగా బొత్తాలు బయటపడ్డాయి. పూల అంచులు, గుండె ఆకారపు చట్రాలు, పేజీ మడత పడ్డట్టు మారే బొమ్మలు. మామయ్య ఆ పూల అంచుల దగ్గరే ఆగిపోయాడు. వంటశాల జట్టు చుట్టూ గులాబీలు పెట్టి మురిసిపోయాడు.

"శత్రువుకు పూలదండేంటండీ?" అంది అత్త.

"ఆట అయిపోయిందిగా, ఇంకా శత్రువులేంటి?" అన్నాడు మామయ్య.

దానికి అత్త పెట్టిన పేరు 'జమీందారు'. నడకంతా దర్జా, పని మాత్రం శూన్యం. పాత కంప్యూటరు దాని బరువు మోయలేక రొప్పింది. బొమ్మ ఆగి ఆగి కదిలింది. బంతి ఒకచోట మాయమై ఇంకోచోట తేలింది. డిస్కు రాయడం మొదలుపెడితే అంతా అయిపోవచ్చిందనుకునే సమయానికి తప్పు జరిగిందని చెప్పి డిస్కును బయటికి ఉమ్మేసింది. ఇంకోటి పెడితే అదీ అంతే. డిస్కు రాయడాన్ని మరిది 'బర్న్' అంటాడు. అది విని మామయ్య పాపం లోపలి గదిలోంచి, "బర్న్ అవుతోంది, బర్న్ అవుతోంది అంటున్నారు, నాకేం వాసన రావట్లేదే?" అని అడిగాడు. మేం నవ్వీ నవ్వీ కూలబడ్డాం.

చెడిపోయిన డిస్కులు చేతిలో పట్టుకుని మరిది తల గోక్కున్నాడు.

"పైన పటారం, లోన లొటారం అంటే ఇదే మరిదీ" అంది అత్త. కానీ కోపం లేదు. అతని ముందు టీ గ్లాసు పెట్టింది. "నువ్వు అమ్మేవాడివి, నీ కళ్లకు బొత్తాలు ముద్దు. నేను వాడేదాన్ని. నాకు పని ముద్దు. కొత్త ఇస్త్రీపెట్టె వస్తే మేం ఏం చేసేవాళ్లమో తెలుసా? మంచి బట్ట మీద చూసేవాళ్లం కాదు. అన్నిటికంటే మొండి ముడత ఉన్న దుప్పటి తెచ్చి దానిమీద చూసేవాళ్లం. ఇక్కడా అంతే. ఆ ఆఖరి పాయింటు ముక్క సాఫీగా చూపించాలి. డిస్కు చెడగొట్టకుండా రాయాలి. ఆ డిస్కు మన వీధిలో అన్నిటికంటే ముసలి ప్లేయరులో ఆడాలి. ఇవి చాలు నాకు."

మరిది టీ తాగి గ్లాసు కింద పెట్టి, నిజాయితీగా ఆలోచించాడు. "అయితే వదినా, మా దుకాణంలో మేం సొంతానికి వాడుకునేది ఒకటుంది. ఉచితం. చూడ్డానికి బాగోదని ఎవరికీ చూపించం" అన్నాడు.

"ముందే చెప్పొచ్చుగా నాయనా!"

"నువ్వు మా వదినవి కదా, మంచిది చూపిద్దామని..."

అది నిజంగానే చూడ్డానికి ఏమీ లేదు. బూడిదరంగు కిటికీ, దానిలో కొద్దిపాటి బొత్తాలు. అత్త దాన్ని 'చిట్టి' అంది. ఫైలు వేయగానే బొమ్మ నీళ్లలా పారింది. ఆఖరి పాయింటు చూద్దామని నేను ముందుకు జరపబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది. "బొంగరం లేకుండా వద్దు. ఒక్కదాన్నే చూస్తే మోసం చేశానంటుంది" అంది. ముక్క సాఫీగా ఆడుతోందో లేదో మరిదినే చూడమని, తాను నన్నూ లాక్కుని గోడవైపు తిరిగి నిలబడింది. మరిది చూసి, మళ్లీ చూసి, "ఓహో!" అన్నాడు. నేనెంత బతిమాలినా మరి నోరు విప్పలేదు.

అతని సలహా మీదనే వేగం తగ్గించి డిస్కు రాశాం. ఈసారి చెడిపోలేదు. వీధిలో అన్నిటికంటే ముసలి ప్లేయరు సెలూన్ ఆయనది. మూత సరిగ్గా పడదని దానిమీద షాంపూ డబ్బా బరువు పెట్టుకుంటాడు. ఆడుతుందో లేదో మాత్రం చూసొద్దామని అత్తా నేనూ డిస్కు పట్టుకుని వెళ్లాం. పెట్టాడు. గరగరమంది, తిరిగింది, డిస్కు లేదని తెర మీద రాసి చూపించింది.

"డిస్కు లేకపోవడమేంటి, లోపలుందిగా!" అంది అత్త.

"దానికి మీ డిస్కు అర్థం కాలేదమ్మా" అన్నాడు సెలూన్ ఆయన, ఒకాయన గడ్డానికి నురగ రాస్తూనే.

ఇంటికొచ్చి చిట్టిని మళ్లీ తెరిచాం. సహాయం పేజీ నేను చదివి వినిపించాను. రాసేటప్పుడు రెండు దారులున్నాయట. ఒకటి ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు డిస్కులో వేసేది, అది కంప్యూటరుకే పనికొస్తుంది. రెండోది వీడియోను టీవీ ప్లేయరు చదువుకునే పద్ధతిలోకి మార్చి రాసేది. మేం మొదటిది నొక్కాం.

"అంటే మూటగట్టి పంపించామన్నమాట. ఇస్త్రీ చేసి మడతపెట్టలేదు" అంది అత్త. రెండో బొత్తం నొక్కి, అది పనిచేసుకుంటుంటే కూరగాయలు తరుక్కుంది.

మర్నాడు బొంగరాన్ని కూడా వెంటేసుకుని సెలూన్‌కు వెళ్లాం. ప్లేయరు గరగరమంది. ఈల మోగింది. మట్టినేల, నెట్టు, చెప్పుల్లేని కాళ్లు, అన్నీ గోడ మీది టీవీలో ప్రత్యక్షం. జుట్టు సగం కత్తిరించి ఉన్నాయన కుర్చీ తిప్పుకున్నాడు. గడ్డానికి నురగతో ఉన్న ఇంకొకాయన లేచి నిలబడ్డాడు. సెలూన్ ఆయన కత్తెర పక్కన పెట్టేశాడు. అత్త ఒక బంతిని అద్భుతంగా లేపితే అందరూ చప్పట్లు కొట్టారు. ఎప్పుడో అయిపోయిన ఆటలో ఎవరు గెలుస్తారని కుర్చీల్లోవాళ్లు పందేలు వేసుకున్నారు.

ఆఖరి పాయింటు వచ్చింది. బంతి పైకి లేచింది. అత్త ఎగిరింది, బొంగరం ఎగిరింది. ఇద్దరి భుజాలూ ఒకదానికొకటి తగిలాయి, ఇద్దరి చేతులూ గాలిని కొట్టాయి. బంతి వాళ్ల వెనక పడుతోంది. అక్కడ, నేలకు దాదాపు ఆనుకుని, ఒక బక్కపలచని అమ్మాయి రెండు పిడికిళ్లు జోడించి దాన్ని లేపింది. బంతి వీళ్లిద్దరి తలల మీదుగా నెట్టు దాటి పడింది.

అత్త టీవీ దగ్గరికి జరిగింది.

"అది గుండీలక్క కదూ?" అంది అత్త చిన్న గొంతుతో.

"గుండీలక్కే" అంది బొంగరం.

లాండ్రీలో ఊడిపోయిన గుండీలు కుట్టే మనిషి. ఒక మూల కూర్చుని తన పని తాను చేసుకునేది. జట్టులో మనుషులు తక్కువైతే లాక్కొచ్చి నిలబెట్టారట.

ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు బొంగరానికి నవ్వొచ్చింది, తర్వాత అత్తకు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు. నురగ గడ్డమాయనకు సంగతి తెలియకపోయినా ఆయనా నవ్వాడు.

ఇక ఆలస్యం చేయలేదు. చిట్టి చేత కావలసినన్ని డిస్కులు రాయించారు. పైన ఏదైనా బొమ్మ ఉండాలని మామయ్య పట్టుబడితే, ఆయన చేతే ఒక్కో డిస్కు మీద ఒక్కో పువ్వు గీయించారు. జట్టులో మిగిలినవాళ్లందరినీ ఒక ఆదివారం ఇంటికి పిలిచారు. కర్ర పట్టుకుని ఒకరు, మనవరాలి చెయ్యి పట్టుకుని ఒకరు వచ్చారు. గుండీలక్క అందరికంటే చివర వచ్చి, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబోయింది. అత్త ఆమెను లేపి టీవీకి ఎదురుగా కూర్చోబెట్టింది.

ఆఖరి పాయింటు అవ్వగానే గదంతా హోరెత్తింది. గుండీలక్క మాత్రం చీమ కుట్టినట్టయినా లేకుండా కూర్చుంది.

"నీకు తెలుసా ఇది?" అని నిలదీసింది బొంగరం.

"తెలియకేం? చేతులు రెండ్రోజులు నొప్పెట్టాయిగా."

"మరి ఇన్నేళ్లూ నోరెందుకు విప్పలేదే?"

"మీరిద్దరూ అంత ముచ్చటగా పోట్లాడుకుంటుంటే మధ్యలో నాదెందుకని" అంది గుండీలక్క. "అదీగాక, మీరు పోట్లాడుకున్న ప్రతిసారీ ఆ ఆట మొత్తం మళ్లీ చెప్పుకునేవారు. నాకు వినడం ఇష్టం."

అత్త వంగి ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. తర్వాత ఆమెను కుర్చీతో సహా ఎత్తబోయారు. నడుములు ఒప్పుకోకపోవడంతో కుర్చీని గది చుట్టూ తోసుకుంటూ ఊరేగించారు. మామయ్య తలుపులు బార్లా తీసి దారిచ్చాడు. గుండీలక్క ఒక చేత్తో కుర్చీ అంచు పట్టుకుని, ఇంకో చేత్తో తన డిస్కును గుండెకు హత్తుకుని, "మెల్లగా, మెల్లగా, గీత పడుతుంది!" అని అరుస్తూనే ఉంది. ఆమె అంత గట్టిగా మాట్లాడగా ఎవరూ అంతకుముందు వినలేదట.